పైలట్ అధ్యయనం ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు? ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• పైలట్ అధ్యయనం ఉద్దేశాన్ని, దాని పరిమితులను వివరించగలుగుతారు.
• పైలట్ ఫలితాల ఆధారంగా పరికల్పనపై నిర్ణయానికి రావడం ఎందుకు పొరపాటో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• తెలుగులోకి అనువదించిన ప్రశ్నావళిని పరీక్షించేటప్పుడు గమనించవలసిన అంశాలను గుర్తించగలుగుతారు.
• మీ ప్రాజెక్టు నివేదికలో పైలట్ అధ్యయనాన్ని ఉపయోగకరంగా రాయగలుగుతారు.

1. పరిచయం

మనోవిజ్ఞానశాస్త్రంలో ప్రాజెక్టు నివేదికలు చదివేవారికి కింది మూడు వాక్యాలు బాగా పరిచయం. ఇవి ఏ ఒక్క నివేదిక నుంచో తీసుకొన్నవి కావు. పరిపాటిగా కనిపించే తీరుకు నమూనాగా ఇక్కడ రాశాం.

"ప్రశ్నావళిని 20 మంది విద్యార్థులపై పైలట్ అధ్యయనంగా నిర్వహించడమైంది. విశ్వసనీయతా గుణకం 0.82గా తేలింది. కాబట్టి ప్రశ్నావళి ప్రధాన అధ్యయనానికి అనువైనదని నిర్ధారించడమైంది."

చూడటానికి ఇందులో తప్పేమీ లేదు. పరిశోధకుడు నేరుగా ప్రధాన అధ్యయనానికి దిగలేదు, ముందుగా పరీక్షించుకొన్నాడు. ఒక సంఖ్య కూడా ఇచ్చాడు. అయితే ఈ మూడు వాక్యాలు చదివిన తరవాత మనకు కొత్తగా తెలిసిందేమిటి? ఆ 20 మంది ఎవరు? ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారు? ఎంత సమయం తీసుకొన్నారు? పైలట్ తరవాత ప్రశ్నావళిలో ఏం మారింది? ఒక్కదానికీ జవాబు లేదు. ఏదీ మారలేదంటే ప్రశ్నావళి మొదటి ప్రయత్నంలోనే నిర్దోషంగా తయారై ఉండాలి, లేదా పైలట్‌ను ఒక లాంఛనంగా ముగించి ఉండాలి. రెండోదే ఎక్కువగా జరుగుతుంది.

ఈ భాగంలో మనం ప్రతిపాదించే విమర్శ ఇది: పైలట్ అధ్యయనం పరిశోధన పద్ధతిని పరీక్షించడానికి ఉద్దేశించింది, పరికల్పనను పరీక్షించడానికి కాదు. ఈ తేడాను మరిచినప్పుడు పైలట్ రెండు విధాలుగా పాడవుతుంది. చెప్పగలిగినదాన్ని దాన్ని అడగం. చెప్పలేనిదాన్ని దానిచేత చెప్పిస్తాం.

2. మూడు పనులు, ఒకే పేరు

'పైలట్' అనే మాటకు ఓడను రేవులోకి క్షేమంగా నడిపించే మార్గదర్శి అని ఒక అర్థం ఉంది. అందుకే దీన్ని తెలుగులో మార్గదర్శక అధ్యయనం అని కూడా అంటాం. ఆ మార్గదర్శి లోతు ఎక్కడుందో, ఇసుక మేట ఎక్కడుందో చెబుతాడు. ఓడలోని సరుకు ఏ ధరకు అమ్ముడవుతుందో చెప్పడు. పైలట్ అధ్యయనం పని కూడా ఇంతే.

వాడుకలో మూడు వేర్వేరు పనులను ఈ ఒక్క పేరుతోనే పిలుస్తున్నాం. మొదటిది, సాధనానికి పూర్వపరీక్ష. ప్రశ్నావళి, సూచనలు, పరికరం వంటి ఏదో ఒకదాన్ని కొద్దిమందిపై పరీక్షించడం. రెండోది, సాధ్యాసాధ్య అధ్యయనం. తలపెట్టిన పరిశోధన అసలు చేయగలిగినదేనా, పాల్గొనేవారు దొరుకుతారా, చివరి వరకు ఉంటారా అని చూడటం. మూడోది, అసలు పైలట్. ప్రధాన అధ్యయనంలో అనుసరించబోయే క్రమాన్ని మొత్తంగానో, కొంత భాగాన్నో చిన్న స్థాయిలో నిజంగా నడిపి చూడటం. శాండ్రా ఎల్‌డ్రిడ్జ్, ఆమె సహచరులు 2016లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం సాధ్యాసాధ్య అధ్యయనమనేది విస్తృత వర్గం, పైలట్ అందులో ఒక రకం.

ఇది కేవలం పేర్ల తగవు కాదు. ఏ పని చేశారో స్పష్టంగా చెప్పకపోతే ఏ ప్రమాణంతో అంచనా వేయాలో చదువరికి తెలియదు. ప్రశ్నల అర్థాన్ని సరిచూడటానికి ఎనిమిదిమంది సరిపోవచ్చు. ఆరు వారాల శిక్షణ కార్యక్రమంలో ఎంతమంది మధ్యలో మానేస్తారో తెలుసుకోవడానికి ఆ ఎనిమిదిమంది చాలరు.

3. సాధనంలోని లోపాన్ని చూపిన పైలట్: మిల్‌గ్రామ్ ప్రయోగం

స్టాన్లీ మిల్‌గ్రామ్ విధేయతపై చేసిన ప్రయోగం మీకు తెలిసినదే. 1963లో ప్రచురించిన అధ్యయనంలో 40 మంది పురుషులు పాల్గొన్నారు. వారిలో 26 మంది, అంటే 65 శాతం, చివరి 450 వోల్టుల మీట వరకు వెళ్లారు. షాక్‌లు నిజమైనవి కావని వారికి తెలియదు. ఈ ప్రయోగానికి ముందు జరిగిన పైలట్ అధ్యయనాల గురించి మాత్రం పాఠ్యపుస్తకాలు తక్కువగా చెబుతాయి.

తొలి ప్రయత్నాల్లో గోడ అవతల ఉన్న 'అభ్యాసకుడి' నుంచి ఎలాంటి నిరసనా వినిపించేది కాదు. మీటల మీద రాసిన వోల్టులు, ప్రమాద సూచనలు చూసే పాల్గొన్నవారు ఆగిపోతారని మిల్‌గ్రామ్ భావించాడు. అలా జరగలేదు. దాదాపు అందరూ చివరిదాకా వెళ్లిపోయారు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. పైలట్‌ను పరికల్పనకు పరీక్షగా చూసే పరిశోధకుడైతే ఏం చేసేవాడు? "మనుషులందరూ అధికారానికి లోబడతారు" అని ప్రకటించి ఊరుకొనేవాడు. మిల్‌గ్రామ్ దాన్ని సాధనంలోని లోపంగా చూశాడు. అందరూ కొలబద్ద పైఅంచునే తాకితే ఆ కొలబద్ద మనిషికీ మనిషికీ మధ్య తేడాను చూపలేదు. పరిస్థితిని మార్చినప్పుడు విధేయత పెరిగిందో తగ్గిందో కూడా చెప్పలేదు. అందుకే అభ్యాసకుడి నిరసనను చేర్చాడు. 1963 నాటి అధ్యయనంలో 300 వోల్టుల దగ్గర గోడను బాదిన చప్పుడు వినిపిస్తుంది. తరవాతి రూపాల్లో మాటలు, కేకలు వచ్చాయి.

ఆ పైలట్ మరో ప్రశ్ననూ లేవదీసింది. తొలి ప్రయత్నాల్లో పాల్గొన్నవారు యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు. వారిని చూసి మామూలు మనుషుల గురించి చెప్పలేమని అభ్యంతరం వచ్చింది. ప్రధాన అధ్యయనానికి న్యూహేవెన్ ప్రాంతంలో రకరకాల ఉద్యోగాలు చేసుకొనే 20 నుంచి 50 ఏళ్ల పురుషులను తీసుకొన్నారు.

మిల్‌గ్రామ్ ప్రయోగంపై నైతికంగా ఎన్నో విమర్శలు ఉన్నాయి. వాటిని వేరే భాగంలో చర్చిస్తాం. పైలట్‌ను వాడుకొన్న తీరు వరకు ఇది మంచి ఉదాహరణ. పైలట్ తరవాత సాధనం మారింది, పాల్గొనేవారు మారారు. ఆ మార్పులు ఎందుకు చేశాడో ఆయన తన తరవాతి రచనల్లో చెప్పాడు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
మిల్‌గ్రామ్ తొలి పైలట్‌లో దాదాపు అందరూ చివరి మీట వరకు వెళ్లడం పరిశోధకుడికి ఎందుకు సమస్య అయింది?

4. చిన్న సంఖ్యలపై పెద్ద నమ్మకం

పైలట్‌ను దుర్వినియోగం చేసే తీరుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది చూడటానికి శాస్త్రీయంగా కనిపిస్తుంది. పరిశోధకుడు పది పదిమందితో రెండు సమూహాలు ఏర్పరుస్తాడు. ప్రభావ పరిమాణాన్ని లెక్కిస్తాడు. దాన్ని సూత్రంలో వేసి ప్రధాన అధ్యయనానికి ఎంతమంది కావాలో తేలుస్తాడు. దీన్ని శ్రద్ధకు గుర్తుగా భావించేవారు చాలామంది.

లెక్క వేసి చూద్దాం. ఒక్కో సమూహంలో 10 మంది ఉన్నారు, ప్రభావ పరిమాణం 0.5గా వచ్చింది అనుకోండి. దీనికి 95 శాతం విశ్వాస అంతరం సుమారు −0.4 నుంచి 1.4 వరకు ఉంటుంది. అంటే శిక్షణ కొంత హాని చేసి ఉండవచ్చు, ఏ ప్రభావమూ చూపకపోవచ్చు, లేదా చాలా గొప్పగా పనిచేసి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏది నిజమో పైలట్ చెప్పలేదు. చెప్పనిదాన్ని మనం 0.5 అనే ఒక్క సంఖ్యగా కుదించి సూత్రంలో వేస్తున్నాం.

దీని పర్యవసానం ఇంకా తీవ్రం. నిజమైన ప్రభావం 0.3 అనుకోండి. పైలట్‌లో అదృష్టవశాత్తు 0.8 వచ్చింది. 80 శాతం పరీక్షా సామర్థ్యానికి ఒక్కో సమూహానికి 26 మంది చాలని సూత్రం చెబుతుంది. నిజానికి 0.3 ప్రభావాన్ని అదే సామర్థ్యంతో పట్టుకోవడానికి ఒక్కో సమూహానికి సుమారు 175 మంది కావాలి. 26 మందితో చేస్తే నిజంగా ఉన్న ప్రభావం కూడా బయటపడే అవకాశం ఐదింట ఒక వంతే. ఇందుకు విరుద్ధంగానూ జరగవచ్చు. పైలట్‌లో ప్రభావం సున్నాకు దగ్గరగా వస్తే మంచి ఆలోచనను అక్కడే వదిలేస్తారు. హెలెనా క్రేమర్, ఆమె సహచరులు 2006లో ఈ రెండు ప్రమాదాల గురించి స్పష్టంగా హెచ్చరించారు. కాస్పర్ ఆల్బర్స్, డేనియల్ లాకెన్స్ 2018లో మరో విషయాన్ని ఎత్తిచూపారు. పెద్ద ప్రభావం కనిపించిన పైలట్లనే ముందుకు తీసుకువెళ్తాం కాబట్టి, మన చేతికి వచ్చే అంచనాలు ఎక్కువవైపే మొగ్గుతాయి. తప్పు రెండువైపులా సమంగా పడదు.

ఇది గణాంకశాస్త్రం రానివారు చేసే పొరపాటు అనుకొంటారేమో. ఏమస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ 1971లో దీన్నే పరీక్షించారు. 20 మందితో చేసిన ఒక ప్రయోగంలో సార్థకమైన ఫలితం వచ్చిందని, మరో 10 మందితో చేస్తే మళ్లీ సార్థకంగా వచ్చే సంభావ్యత ఎంత అని మనోవిజ్ఞానవేత్తలనే అడిగారు. సమాధానాల మధ్యగతం 0.85. సమంజసమైన అంచనా సుమారు 0.48, అంటే దాదాపు బొమ్మా బొరుసు ఆట. చిన్న నమూనా కూడా సమష్టికి నమ్మకమైన ప్రతిబింబమే అన్న ఈ భ్రమకు వారు 'చిన్న సంఖ్యల సూత్రంపై నమ్మకం' అని వ్యంగ్యంగా పేరు పెట్టారు.

మరి నమూనా పరిమాణాన్ని ఎలా నిర్ణయించాలి? ఎంత తేడా వస్తే అది ఆచరణలో లెక్కలోకి వస్తుందో ముందు ఆలోచించాలి. శిక్షణ పొందినవారి ఆందోళన కనీసం ఎన్ని పాయింట్లు తగ్గితే శిక్షణకు పెట్టిన శ్రమ దండగ కాదంటాం? ఆ కనిష్ఠ విలువ ఆధారంగా లెక్కించాలి. దీనికి జవాబు పైలట్ సంఖ్యల్లో దొరకదు. విషయ పరిజ్ఞానం నుంచి రావాలి.

5. ఇరవై మంది ఏం చూపగలరు?

ఇంతవరకు చెప్పింది చూసి పైలట్ వల్ల ప్రయోజనమే లేదనుకోకండి. అడగవలసిన ప్రశ్న అడిగితే చిన్న నమూనా కూడా చాలా చెబుతుంది.

ప్రతి పదిమందిలో ఒకరికి ఎదురయ్యే ఒక ఇబ్బంది ఉందనుకోండి. ఉదాహరణకు, ఒక సూచన అర్థంకాకపోవడం. పైలట్‌లో 10 మంది ఉంటే ఆ ఇబ్బంది కనీసం ఒక్కసారి కంటబడే అవకాశం 65 శాతం. 20 మంది ఉంటే 88 శాతం, 30 మంది ఉంటే 96 శాతం. ప్రభావ పరిమాణం గురించి ఏమీ చెప్పలేని ఆ 20 మందే లోపాలను పట్టడంలో ఇంత సమర్థులు! అదే ఇబ్బంది ప్రతి 20 మందిలో ఒకరికే ఎదురయ్యేదైతే 20 మందిలో కనిపించే అవకాశం 64 శాతానికి పడిపోతుంది. 95 శాతానికి చేరాలంటే 59 మంది కావాలి.

దీన్నిబట్టి 'ప్రధాన నమూనాలో 10 శాతం' అనే అలవాటు లెక్కకు ప్రత్యేకమైన ఆధారం లేదని గ్రహించవచ్చు. ఎలాంటి లోపాన్ని వెతుకుతున్నాం, అది ఎంత అరుదైనది అన్నదాన్నిబట్టి పైలట్ పరిమాణం ఉండాలి.

6. తెలుగు ప్రశ్నావళి: ఆల్ఫా చూపని లోపాలు

మీలో చాలామంది ఇంగ్లీషులో ఉన్న మాపనిని తెలుగులోకి అనువదించి వాడతారు. పైలట్ అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది ఇక్కడే. కింది చిక్కులను గమనించండి.

'ఆందోళన' అనే మాటను మానసిక స్థితికి వాడతాం. పత్రికల్లో అదే మాటకు నిరసన, ఉద్యమం అని అర్థం. "మీరు తరచుగా ఆందోళన చేస్తారా?" అని రాస్తే ధర్నా గుర్తుకువస్తుంది. ఇళ్లలో ఈ స్థితికి ఎక్కువగా వినిపించే మాట 'టెన్షన్'. కొన్నిచోట్ల 'పరేషాన్' అంటారు. 'బెంగ' అంటే దూరమైనవారి కోసం పడే దిగులన్న ఛాయ ఉంది. ఏది వాడాలో నిఘంటువు తేల్చదు. సమాధానం చెప్పేవారే తేల్చాలి.

జవాబుల వరుసలో ఒక చివర 'ఎప్పుడూ', మరో చివర 'ఎప్పుడూ లేదు' అని పెట్టడం పరిపాటి. కాగితం మీద తేడా తెలుస్తుంది. చదువురానివారికి చదివి వినిపించినప్పుడు రెండు చివరలూ ఒకే మాటతో మొదలవుతాయి. దానికి వ్యతిరేకార్థక వాక్యం తోడైతే, "నాకు నిద్ర సరిగా పట్టదు" అన్నదానికి 'ఎప్పుడూ లేదు' అంటే నిద్ర పడుతుందనా, పట్టదనా?

లింగభేదం మరో చిక్కు. ఇంగ్లీషులో స్త్రీ పురుషులిద్దరికీ చెల్లే ఉత్తమపురుష వాక్యం తెలుగులో "నేను పనికిరానివాడిని" అవుతుంది. దాన్ని చదివే స్త్రీ తన గురించి కాదనుకోవచ్చు, లేదా మనసులోనే మార్చుకొని జవాబివ్వవచ్చు. ఆమె ఏం చేసిందో మార్కుల్లో కనిపించదు.

వీటిలో ఒక్కదాన్నీ క్రాన్‌బాక్ ఆల్ఫా మనకు చెప్పదు. అంశాలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో మాత్రమే అది చెబుతుంది. అంశాలన్నీ ఒకే దిశలో ఉన్నప్పుడు కొందరు చదవకుండా మొత్తం ఒకే గడిలో, మరికొందరు మొత్తం ఇంకో గడిలో టిక్కు పెట్టుకొంటూ పోతే ఆల్ఫా తగ్గదు, పెరుగుతుంది. పైగా 20 మంది జవాబుల నుంచి వచ్చిన ఆల్ఫా కూడా అనిశ్చితమైన అంచనాయే. కాబట్టి 0.82ను చూసి సంతోషించే ముందు కొందరినైనా ఎదురుగా కూర్చోబెట్టి, "ఈ ప్రశ్నలో మిమ్మల్ని ఏం అడుగుతున్నారో మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. దీనికి ఖర్చు లేదు, గణాంకశాస్త్రం అక్కర్లేదు. ఓపిక కావాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
ఆల్ఫా విలువ ఎక్కువగా ఉన్నంత మాత్రాన ప్రశ్నలు అర్థమయ్యాయని ఎందుకు చెప్పలేం?

7. చెప్పకుండా దాచిన పైలట్

పైలట్ జరిగినా దాని గురించి చెప్పకపోతే ఏమవుతుంది? 1971 ఆగస్టులో ఫిలిప్ జింబార్డో నిర్వహించిన స్టాన్‌ఫర్డ్ కారాగార ప్రయోగాన్ని చూడండి. రెండు వారాలు సాగవలసిన ఆ ప్రయోగాన్ని ఆరు రోజులకే ఆపేశారు. మామూలు యువకులు కాపలాదారుల పాత్రలోకి వెళ్లగానే క్రూరంగా మారారని, పరిస్థితికున్న శక్తి అలాంటిదని దాని సారాంశంగా ప్రచారమైంది.

అంతకు కొన్ని నెలల ముందు ఆయన విద్యార్థి డేవిడ్ జాఫీ, తోటి విద్యార్థులతో కలిసి టోయన్ హాల్ అనే వసతిగృహంలో చిన్న స్థాయిలో కారాగార నమూనాను నడిపాడు. ఆ తరవాత ప్రధాన ప్రయోగంలో అతడే జైలు వార్డెన్ పాత్ర వహించాడు. టిబో లె టెక్సియే 2019లో అమెరికన్ సైకాలజిస్ట్ పత్రికలో రాసిన వ్యాసంలో, కాపలాదారులు తామే రూపొందించుకొన్నారని చెప్పిన నియమాల్లో చాలావరకు ఆ విద్యార్థి ప్రాజెక్టు నుంచి వచ్చినవేనని భాండాగార పత్రాల ఆధారంగా వాదించాడు. జింబార్డో తన ప్రయోగంపై వచ్చిన ఇలాంటి విమర్శలను అంగీకరించలేదు.

ఎవరి పక్షం సరైనదన్నది అలా ఉంచినా, మన విషయానికి సంబంధించిన పాఠం స్పష్టం. ముందు నడిపిన నమూనా నుంచి నియమాలు వస్తే, ప్రధాన ప్రయోగంలో కనిపించిన ప్రవర్తన పరిస్థితి నుంచి దానంతట అదే పుట్టిందని చెప్పడం కష్టమవుతుంది. ముందస్తు ప్రయత్నాన్ని దాస్తే చదువరి ఫలితాన్ని సరిగా తూచలేడు.

చిన్న స్థాయిలో ఈ దాపరికం మామూలు ప్రాజెక్టుల్లోనూ జరుగుతుంది. ఫలితం బాగా వచ్చిన పైలట్ దత్తాంశాన్ని నిశ్శబ్దంగా ప్రధాన దత్తాంశంలో కలిపేయడం, బాగా రానిదాన్ని 'అది పైలట్ మాత్రమే' అని పక్కన పెట్టడం రెండూ తప్పే. కలపాలనుకొంటే ఆ నిర్ణయం ముందే తీసుకొని రాసిపెట్టాలి. సాధనం మారితే కలపనేకూడదు. పైలట్ పేరుతో రెండు మూడు రూపాలు ప్రయత్నించి ఉంటే ఎన్ని ప్రయత్నించారో చెప్పాలి. యాదృచ్ఛిక పైలట్ ప్రయోగాల నివేదికల కోసం 2016లో వచ్చిన కన్సార్ట్ మార్గదర్శకాలు మరో మంచి నియమాన్ని చేర్చాయి: ప్రధాన అధ్యయనానికి వెళ్లాలా వద్దా అన్నది ఏ ప్రమాణాలతో నిర్ణయిస్తారో ముందే నిర్దేశించుకోవాలి.

ఇంకొక మాట. పైలట్‌లో పాల్గొనేవారూ మనుషులే. 'ఇది ఊరికే పరీక్షించడం కోసం' అని అంగీకారం తీసుకోకుండా ప్రశ్నలు అడగడం తగదు. వారు ఇచ్చిన సమయానికి ప్రతిఫలం, ఆ పైలట్ నుంచి మనం నిజంగా ఏదో ఒకటి నేర్చుకోవడమే.

8. ఆ మూడు వాక్యాలను తిరగరాస్తే

ఇప్పుడు పరిచయంలోని నమూనాకు తిరిగి వద్దాం. కింది పేరాలోని అంకెలు కేవలం ఉదాహరణ కోసం ఊహించినవి.

"24 అంశాల ప్రశ్నావళిని ప్రధాన అధ్యయనంలో పాల్గొనని డిగ్రీ విద్యార్థులకు ఇచ్చాం. అడిగిన 26 మందిలో 20 మంది అంగీకరించారు. పూర్తిచేయడానికి 14 నుంచి 31 నిమిషాలు పట్టింది. ఎనిమిదిమందిని ప్రతి అంశం అర్థాన్ని తమ మాటల్లో చెప్పమన్నాం. 3 అంశాల్లో మేం ఉద్దేశించిన అర్థం రాలేదు. 'ఆందోళన'కు బదులు 'కంగారు' వాడాం, రెండు వ్యతిరేకార్థక వాక్యాలను మార్చాం. మార్చిన రూపాన్ని మరో ఐదుగురికి చూపి సరిచూశాం. ఆల్ఫా 0.82 వచ్చినా నమూనా చిన్నది కాబట్టి దాన్ని ప్రధాన అధ్యయనంలో మళ్లీ లెక్కిస్తాం. పైలట్ జవాబులను విశ్లేషణలో కలపలేదు."

రెండింటిలోనూ ఆ 20 మందే, ఆ 0.82యే. మొదటిది పైలట్ జరిగిందని చెబుతుంది. రెండోది పైలట్ నేర్పినదాన్ని చెబుతుంది. తన లోపాలను బయటపెట్టుకొన్న ఈ రెండో పేరాయే చదువరికి ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

ప్రతి అధ్యయనానికీ పైలట్ తప్పనిసరి అని కూడా అనుకోనక్కరలేదు. ఇదే భాషలో, ఇలాంటివారిపైనే ఇదివరకు చక్కగా వాడిన సాధనం ఉంటే, దొరికేదే 60 మంది అయితే, అందులో 20 మందిని పైలట్‌కు వెచ్చించడం తెలివైన పని కాకపోవచ్చు. అప్పుడు నలుగురైదుగురితో పూర్వపరీక్ష చేసి, పైలట్ ఎందుకు చేయలేదో రాస్తే చాలు. లాంఛనం కోసం చేసిన పైలట్ కన్నా కారణం చెప్పి మానుకొన్న పైలట్ నిజాయితీ గలది.

సారాంశం

పైలట్ అధ్యయనం పద్ధతిని పరీక్షిస్తుంది, పరికల్పనను కాదు. చిన్న నమూనా నుంచి వచ్చిన ప్రభావ పరిమాణం నమ్మదగినది కాదు. దాని ఆధారంగా ప్రధాన నమూనాను నిర్ణయిస్తే తప్పుదారి పట్టవచ్చు. అదే చిన్న నమూనా సూచనల్లో, ప్రశ్నల్లో, నిర్వహణలో ఉన్న లోపాలను బాగా పట్టిస్తుంది. అనువదించిన ప్రశ్నావళికి ఆల్ఫా ఒక్కటే చాలదు, ప్రయోజ్యులకు అర్థమైనదేమిటో అడిగి తెలుసుకోవాలి. పైలట్‌లో ఏం జరిగింది, దాని తరవాత ఏం మారింది అన్నవి నివేదికలో తప్పక ఉండాలి.

కీలక పదాలు

పైలట్ అధ్యయనం: ప్రధాన అధ్యయన క్రమాన్ని చిన్న స్థాయిలో ముందుగా నడిపి చూడటం.
పూర్వపరీక్ష: సాధనాన్ని మాత్రమే కొద్దిమందిపై పరీక్షించడం.
ప్రభావ పరిమాణం: రెండు సమూహాల మధ్య తేడా ఎంత పెద్దదో తెలిపే విలువ.
విశ్వాస అంతరం: నమూనా నుంచి వచ్చిన అంచనాలో ఎంత అనిశ్చితి ఉందో చూపే అవధి.
పరీక్షా సామర్థ్యం: నిజంగా ఉన్న ప్రభావాన్ని అధ్యయనం పట్టుకోగల సంభావ్యత.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పైలట్ ప్రభావ పరిమాణం ఆధారంగా నమూనాను నిర్ణయించడాన్ని విమర్శనాత్మకంగా చర్చించండి.
2. మిల్‌గ్రామ్, స్టాన్‌ఫర్డ్ ప్రయోగాలలో ముందస్తు ప్రయత్నాల పాత్రను పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పూర్వపరీక్షకు, పైలట్ అధ్యయనానికి తేడా ఏమిటి?
2. మీకు తెలిసిన ఏదైనా తెలుగు ప్రశ్నావళి నుంచి మూడు అంశాలు తీసుకొని ఇద్దరు వ్యక్తులను వాటి అర్థం అడగండి. మీరు గమనించినదాన్ని రాయండి.